స్కోలిన్ ఇచ్చేముందు ఇంటి సంగతి చెప్పండి

"పెరంబూరు రైల్వే ఆసుపత్రి మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారానికల్లా ఇచ్చేయండి" అన్నారు ఎడిటర్ గారు. 1975లో డాక్టర్ కె.ఎం.చెరియన్ దేశంలోనే తొలి కరోనరీ బైపాస్ చేసింది అక్కడే. సర్జన్ గురించి చాలామంది రాశారు కదా, కోతకు ముందు కండరాలను సడలించే మందుల గురించి రాద్దామని కూర్చున్నాను. వెతుకుతుంటే 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన ఓ పరిశోధన కంటబడింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందాలు కలిసి చేసిన పని అది. అందులో మన ఆర్యవైశ్యుల ప్రస్తావన చూశాక మిగతా కాగితాలన్నీ పక్కన పెట్టేశాను.

మత్తు డాక్టర్లు 'స్కోలిన్' అని పిలుచుకునే సక్సినైల్‌కోలిన్ ఇస్తే నిమిషంలో దవడ, గొంతు వదులై శ్వాసనాళంలోకి గొట్టం దిగుతుంది. ఊపిరి కండరాలూ ఆగిపోతాయి కాబట్టి ఆ కాసేపు డాక్టరే ఊపిరి అందించాలి. రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును చకచకా విరగ్గొట్టేస్తుంది. 5-10 నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైము పనిచేయని వారికి అదే మోతాదు గంటల తరబడి దిగదు. పైగా స్కోలిన్ కండరాన్ని కట్టేస్తుందే తప్ప స్పృహ జోలికి పోదు. ఈలోగా మత్తు తేలిపోతే మనిషికి అన్నీ వినిపిస్తుంటాయి, వేలు మాత్రం కదలదు.

ఆ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని ఆ పత్రం చెబుతోంది. అంతకుముందే, 2006లో, కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి వైశ్యుల్లో దీనికి కారణమైన జన్యుమార్పును గుర్తించారు: ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అదే వస్తే చిక్కు. మేనరికం లేదు, గోత్రాలూ వేరే అని నిశ్చింతగా ఉండటానికి లేదు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, 2000 ఏళ్లకు పైగా తమలో తామే వియ్యమందుకున్న సమాజం ఇది.

ఆపరేషన్‌కు ముందు షుగరుందా, బీపీ ఉందా అని అడుగుతారు. "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా?" అన్న ప్రశ్న కూడా, పెరంబూరులో అయినా నెల్లూరులో అయినా, రోగికి అర్థమయ్యే భాషలో నోటితో అడిగి తీరాలని నా గట్టి అభిప్రాయం. ఆసుపత్రిలో కులమెందుకని మొహమాటపడే పెద్దలకూ ఒక మనవి: ఇక్కడ అది వైద్య సమాచారం. దాచకండి.

కండరాలను సడలించే మందుల చరిత్ర క్లుప్తంగా: దక్షిణ అమెరికా వేటగాళ్ల బాణాల విషం క్యురారే 1942 జనవరిలో మాంట్రియల్‌లో ఆపరేషన్ గదికి చేరింది, స్కోలిన్ మీద కూడా పనిచేసిన డేనియల్ బోవే 1957లో నోబెల్ అందుకున్నారు.

మరికొంత

లోపం ఉందని తెలిస్తే ఆపరేషన్ మానుకోనక్కర్లేదు. స్కోలిన్‌కు బదులు వాడే రోక్యురోనియం ఈ ఎంజైము మీద ఆధారపడదు. దాని ప్రభావాన్ని విరిచే సుగమాడెక్స్ కూడా ఉంది. మివాక్యురియం అనే మరో సడలింపు మందు మాత్రం స్కోలిన్‌లాగే చిక్కు తెస్తుంది.

తెలియక స్కోలిన్ ఇచ్చేసినా, వెంటిలేటరు, మత్తు రెండూ ఆపకుండా ఉంటే మందు తనంతట తానే దిగిపోతుంది.

ఇంట్లో ఒకరికి ఇలా జరిగితే తోబుట్టువులందరూ రక్తపరీక్షతో ఎంజైము చూపించుకోవాలి. ఫలితాన్ని ఆసుపత్రి ఫైలు పైనే రాయించుకోవాలి.