ఎజైల్‌లో ప్లాన్ ఉండదా? యాప్ తయారీపై అపోహలు – వాస్తవాలు

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే స్కీ విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలుసుకున్నారు. కెంట్ బెక్, మార్టిన్ ఫౌలర్, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ వారిలో ఉన్నారు. నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలతో వాళ్లు కుదుర్చుకున్న పత్రమే ఎజైల్ మేనిఫెస్టో. సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో తయారుచేస్తూ, దారిలో దిద్దుకుంటూ పోయే పద్ధతులకు ఎజైల్ అని పేరు. ఇవాళ మాదాపూర్‌లో నలుగురు కుర్రాళ్లు కలిసి నడిపే యాప్ కంపెనీ మొదలు పెద్ద పెద్ద సంస్థల దాకా అందరూ ఆ పేరే చెబుతారు. పేరు పాకినంతగా అందులోని విషయం పాకలేదు. దాని నష్టం రాత్రిళ్లు మేలుకునే డెవలపర్ల మీదా, దాచుకున్న డబ్బుతో యాప్ చేయించుకునే చిన్న వ్యాపారుల మీదా పడుతోంది. అందుకే ఈ అపోహలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

అపోహ: ఎజైల్ అంటే డాక్యుమెంట్లు అక్కర్లేదు, ప్లాన్ అక్కర్లేదు.

మేనిఫెస్టో అలా అనలేదు. బండెడు పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ ఇస్తామంది. పత్రాలకూ విలువ ఉందని చివర్లో ఒప్పుకుంది. ఈ రెండో మాటను చాలామంది చదవరు. నిజానికి ఎజైల్‌లో ప్లానింగ్ ఎక్కువే. పాత పద్ధతిలో మొదట్లో ఒక్కసారి కూర్చుని ఏడాది పనికి లెక్క వేసేవారు. ఎజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌లో ప్రతి స్ప్రింట్‌కూ, అంటే ప్రతి విడత పనికీ ముందు కూర్చోవాలి. స్ప్రింట్ నెల దాటకూడదు. అంటే ఏడాదిలో కనీసం పన్నెండు సార్లు ప్లాన్‌ను తిరిగి చూసుకోవాల్సిందే.

వాటర్‌ఫాల్ అనే ఆ పాత పద్ధతికి మూలపురుషుడిగా చెప్పే విన్‌స్టన్ రాయిస్ కూడా ఒకే విడతలో పై నుంచి కిందికి పోవడం ప్రమాదమని 1970 నాటి తన వ్యాసంలోనే హెచ్చరించాడు. ఆ వ్యాసంలోని బొమ్మను తీసుకున్నవాళ్లు హెచ్చరికను వదిలేశారు. మేనిఫెస్టో విషయంలోనూ ఇప్పుడు జరుగుతున్నది అదే.

అపోహ: ఎజైల్‌లో చేస్తే పని సగం రోజుల్లో అయిపోతుంది.

క్లయింట్‌కు ఇచ్చే ప్రెజెంటేషన్లలో ఎక్కువగా వినబడే మాట ఇది. ఎజైల్ వల్ల టైపింగ్ వేగం పెరగదు, కోడ్ రాయడంలోని కష్టం తగ్గదు. త్వరగా తెలిసేది ఎక్కడ తప్పు జరిగిందన్నదే. ఆరు నెలల తర్వాత బయటపడాల్సిన లోపం రెండు వారాల డెమోలోనే కనిపిస్తుంది. అప్పుడు పారేయాల్సింది రెండు వారాల పనే.

ఈ అపోహ నుంచే స్టోరీ పాయింట్ల జబ్బు పుట్టింది. ఒక్కో పని ఎంత పెద్దదో టీమ్ వేసుకునే అంచనా అంకెలే ఈ పాయింట్లు. ఆ టీమ్ నలభై పాయింట్లు చేసింది, మీరు ముప్ఫయ్యేనా అని మేనేజర్లు పోలికలు పెడతారు. అధికారిక స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ల ప్రస్తావనే లేదు. మేనిఫెస్టో మీద సంతకం చేసిన రాన్ జెఫ్రీస్, ఆ పాయింట్లను బహుశా తానే కనిపెట్టి ఉంటానని, అందుకు ఇప్పుడు విచారిస్తున్నానని రాశాడు. రోజూ జరిగే స్టాండప్ సంగతీ ఇంతే. పదిహేను నిమిషాల్లో డెవలపర్లు ఆ రోజు పనిని తమలో తాము సర్దుకోవడానికి పెట్టిన సమావేశం మన ఆఫీసుల్లో హాజరు పట్టీ అయింది. నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, అడ్డంకులేమిటి అనే మూడు ప్రశ్నలను 2020 నాటి స్క్రమ్ గైడ్ తీసేసింది. చాలాచోట్ల ఇంకా అవే నడుస్తున్నాయి.

నైట్‌అవుట్‌లు ఎజైల్‌లో భాగమని నమ్మే కొత్త ఉద్యోగులకు ఒక మాట. ఎంతకాలమైనా అలసిపోకుండా సాగగల వేగంతోనే పనిచేయాలన్నది ఆ పన్నెండు సూత్రాల్లో ఒకటి. ప్రతి స్ప్రింట్ చివరా తెల్లవార్లూ కూర్చోబెట్టే చోట నడుస్తున్నది ఎజైల్ కాదు.

అపోహ: ముందు రిలీజ్ చేద్దాం, తప్పుంటే రేపు అప్‌డేట్ ఇద్దాం.

వెబ్‌సైట్ విషయంలో ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. సర్వర్‌లో కోడ్ మారిస్తే మరుక్షణం అందరికీ కొత్తదే కనిపిస్తుంది. మొబైల్ యాప్ అలా కాదు. డౌన్‌లోడ్ అయిన ప్రతి కాపీ ఎవరి జేబులోనో ఉంటుంది, దాన్ని వెనక్కి పిలవలేం. యాపిల్ యాప్ స్టోర్‌లో ప్రతి వెర్షనూ సమీక్ష దాటాలి. గూగుల్ ప్లేలో కొద్దిశాతం మందికి ముందుగా విడుదల చేసి, తేడా వస్తే పంపిణీని ఆపేసే వీలుంది. కానీ అప్పటికే అందుకున్నవాళ్ల ఫోన్లలో ఆ చెడ్డ వెర్షనే మిగులుతుంది. పాత కోడ్‌కే తిరిగి వెళ్లాలన్నా ఇంకా పెద్ద వెర్షన్ నంబరు వేసి కొత్తగా పంపాల్సిందే.

పంపినా అందరూ తీసుకోరు. ఫోన్‌లో జాగా లేనివారు, డేటా పొదుపు కోసం ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసినవారు నెలల తరబడి పాత వెర్షన్‌తోనే ఉంటారు. కాబట్టి సర్వర్ వైపు మార్పు చేసే ప్రతిసారీ పాత యాప్‌లకూ జవాబు చెప్పేలా చూసుకోవాలి. కొత్త ఫీచర్‌ను సర్వర్ నుంచే ఆపగలిగే స్విచ్ వెనుక పెట్టాలి, ఆటోమేటిక్ టెస్టులు రాయాలి. ఇవన్నీ ఎజైల్ కోరే క్రమశిక్షణలే. తరచూ రిలీజ్ చేయాలనుకునే టీమ్‌కు అజాగ్రత్తగా ఉండే హక్కు ఇంకా తక్కువ.

అపోహ: నా ఫోన్‌లో బాగానే పనిచేసింది, టెస్టింగ్ చివర్లో చూసుకోవచ్చు.

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లను ఇబ్బంది పెట్టింది మన తెలుగు అక్షరమే. ‘జ్ఞా’లో దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం చేరితే, దాన్ని తెరమీద గీయబోయి యాప్ ఆగిపోయేది. అక్షరం ఉన్న సందేశాన్ని తెరిస్తే మెసేజ్ యాప్ మళ్లీ మళ్లీ కూలేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీన్ కూడా కుప్పకూలేది. యాపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అంత పెద్ద సంస్థ పరీక్షల నుంచే ఒక తెలుగు గుణింతం తప్పించుకుంది. ఒక్క ఫోన్‌లో, అదీ ఇంగ్లిష్‌లో చూసి సరే అనుకునే టీమ్ దేన్ని నమ్ముకుని ధీమాగా ఉంటుంది?

తెలుగు యాప్‌లలో రోజూ కనిపించే లోపాలు ఇంత భయంకరమైనవి కాకపోయినా వాడేవారికి చిరాకే. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు కొలిచిన బటన్‌లో వత్తులు కింద తెగిపోతాయి, పొడవైన మాటలు సగంలో చుక్కలై మిగులుతాయి. ఆండ్రాయిడ్‌లో మరో చిక్కుంది. బ్యాటరీ ఆదా పేరుతో కొన్ని బ్రాండ్ల ఫోన్లు వెనుక నడిచే యాప్‌ను చంపేస్తాయి, ముఖ్యమైన నోటిఫికేషన్ రాదు. ఇవి చివరి వారంలో బయటపడితే డిజైనే తిరగరాయాలి. మొదటి స్ప్రింట్‌లోనే ఒక చవక ఫోన్‌లో తెలుగు పెట్టి చూస్తే గంటలో తెలుస్తాయి.

అపోహ: ఎజైల్ చిన్న యాప్‌లకే, పెద్ద ప్రభుత్వ పనులకు కాదు.

అమెరికా ఎఫ్‌బీఐ కేసు ఫైళ్ల కోసం 17 కోట్ల డాలర్లు పెట్టిన వర్చువల్ కేస్ ఫైల్ పథకాన్ని 2005లో వదిలేసింది. దాని స్థానంలో మొదలైన సెంటినెల్ కూడా ఆలస్యమై ఖర్చులు పెరిగాక, 2010లో ఎఫ్‌బీఐ ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుని చిన్న బృందంతో ఎజైల్‌లో సాగించింది. 2012 జులైలో అది వాడకంలోకి వచ్చింది.

అపోహ: స్టోర్‌లో పెట్టేస్తే పని అయిపోయినట్టే.

అక్కడికి చేరడమే ఒక మెట్టు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకు గూగుల్ ప్లే ఒక షరతు పెట్టింది. యాప్‌ను అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు పరీక్ష నడపాలి. చేరాక కూడా కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు యాప్‌ను ఏటా సవరించాలి, లేకపోతే అప్‌డేట్లు పెట్టనివ్వరు. యాపిల్ ఖాతాకు ఏటా 99 డాలర్లు కట్టాలి. ఈ ఖర్చులు మొదట్లో చెప్పని కంపెనీతో ఒప్పందం చేసుకోవద్దు.

యాప్ చేయించుకునేవారికి నా విన్నపం. కోడ్, స్టోర్ ఖాతా రెండూ మీ పేరు మీదే ఉండేలా కాంట్రాక్టులో రాయించుకోండి. రెండు వారాలకోసారి స్లైడ్లు కాకుండా యాప్‌నే మీ ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేయమనండి. మీ దుకాణంలో రేపు దాన్ని వాడబోయే మనిషి చేతిలో ఆ ఫోన్ పెట్టి, అతను ఎక్కడ తడబడుతున్నాడో రాసుకుని, ఆ కాగితాన్ని తర్వాతి స్ప్రింట్ ప్లానింగ్‌కు తీసుకెళ్లండి.