లాభములో ఊరి పాలు



ఊరి చెంత నొక ఫ్యాక్టరీ వెలసిన పిమ్మట “కంపెనీవారు మన కేమి చేయుదురు?” అను ప్రశ్న రచ్చబండకడ పుట్టుట సహజము. వారిచ్చునది దానమని కొందరందురు. మనకు రావలసిన బాకీయని కొందరందురు. ఈ రెండును సరికావు. అది యెట్టి సొమ్మో, దానిని ఊరు ఎట్లు వినియోగించుకొనవలెనో నేడు విన్నవించెదను.

ఆర్జనలో కొంత లోకహితమునకు వెచ్చించుట మనకు క్రొత్త గాదు. పుత్రునితోపాటు చెరువును, తోటను, దేవాలయమును గూడ సంతానముగా నెంచి సప్తసంతానములని పేర్కొన్న వారు మన పెద్దలు. ధనవంతుడు తన ధనమునకు ధర్మకర్త మాత్రమేయని గాంధీమహాత్ముడు బోధించెను. కాని యివి యన్నియు ఇచ్చువాని మనస్సుపై ఆధారపడినట్టివి. 2013 సంవత్సరపు కంపెనీల చట్టము తన 135వ సెక్షనుచేత ఆ యిచ్ఛను విధిగా మార్చినది. 2014 ఏప్రిల్ 1వ తేదీ నుండి అది అమలులోనికి వచ్చినది. దీనినే కంపెనీల సామాజిక బాధ్యత యందురు, వాడుకలో సి.ఎస్.ఆర్. అనియు వినుచుందుము.

500 కోట్ల రూపాయల నికరాస్తిగాని, 1000 కోట్ల వ్యాపారముగాని, 5 కోట్ల నికరలాభముగాని గల కంపెనీ, గడచిన మూడేండ్ల లాభముల సగటులో నూటికి రెండు వంతున ప్రజాహిత కార్యములకు వ్యయము చేయవలెనని ఆ చట్టము నిర్ణయించినది. ఏటికి సగటున 50 కోట్లు లాభము పొందు కంపెనీకి ఆ వంతు ఒక కోటి యగును. విద్య, వైద్యము, త్రాగునీరు, పారిశుద్ధ్యము, గ్రామాభివృద్ధి మున్నగునవి అందుకు తగిన పనులుగా చట్టపు 7వ షెడ్యూలులో చెప్పబడినవి. వ్యయము కాక మిగిలిన సొమ్మును కంపెనీ తనయొద్దనే యుంచుకొనరాదని 2021లో నిబంధనలు బిగించిరి.

ఇందు గ్రామస్థులు ముఖ్యముగా నెరుగవలసిన సంగతులు రెండు గలవు. మొదటిది: కంపెనీ తాను పనిచేయు ప్రాంతమునకును, దాని పరిసరములకును ప్రాధాన్య మీయవలెనని చట్టము చెప్పుచున్నది. అయినను ఏ యూరికి, ఏ పనికి అను నిర్ణయము కంపెనీ డైరెక్టర్లదే. కావున అది మనము దావా వేసి రాబట్టుకొను బాకీ గాదు. రెండవది: ఇతర చట్టములచే తప్పక చేయవలసిన పనులను ఈ లెక్కలో వ్రాయరాదు. మురుగునీటిని శుద్ధిచేసి విడుచుట, పొగను అదుపులో నుంచుట ఫ్యాక్టరీకి వేరుగా నున్న విధులు. బడికి రెండు గదులు కట్టించిరి గదా యని వాగులో కలియు విషమునుగూర్చి మౌనము వహించుట తగదు. ఆ గదులు ఈ మౌనమునకు వెల గావు.

ఇక సొమ్ము వచ్చినంతనే మేలు కలుగునా? మా యూరి ముచ్చట యొకటి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట ఒక కంపెనీవారు నీటిని శుద్ధిచేయు యంత్రమును మాకు సమకూర్చిరి. ప్రారంభోత్సవమునాడు దాతలను కొనియాడుచు నేనే ఒక సీసపద్యము చదివితిని. అందరును చప్పట్లు చరచిరి. రెండవ వేసవికి యంత్రములోని వడపోత పొర చెడినది. తమ గడువు ముగిసినదని కంపెనీవారనిరి. తమకు అప్పగించిన కాగితమే లేదని పంచాయతీవారనిరి. గదికి తాళము పడినది. ఆడువారు మరల బిందెలతో పాతబావి త్రోవ పట్టిరి. ఇరువురి మాటలోను అబద్ధము లేదు. పొర చెడిన దినమున దానిని మార్చువాడెవ్వడని ప్రారంభమునాడే అడుగవలసినది. పద్యము వ్రాయుటకు తీరికయున్న నాకు ఆ ఒక్క ప్రశ్న తోచలేదు. ఆ తప్పులో నాకును పాలున్నది.

మన పూర్వులీ విషయమున మనకంటె మెలకువగలవారు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు త్రవ్వించెను. 1369 నాటి దాని శాసనమున, వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరని యున్నది. అంతటితో విడువక, మంచి చెరువునకు పండ్రెండు అంగములను, తప్పించుకొనవలసిన ఆరు దోషములను గూడ ఆ శాసనము పేర్కొన్నది. కట్టనుండి నీరూరుట ఒక దోషము. నేల చవుడగుట మరియొక దోషము. ధనము మాత్రమే చాలదు, స్థలమెరిగిన జ్ఞానము గూడ కావలెనని దీని భావము. తెలుగునాట దశబంధమను ఆచార మొకటి యుండెడిది. చెరువును త్రవ్వించినవానికో, బాగుచేయువానికో కొంత భూమిని మాన్యముగా నిచ్చి, మరమ్మతుల భారమును వానిపై నుంచెడివారు. కట్టుటకు ధనమొకరిదైనను, కాపాడుటకు ఏర్పాటు ముందే జరిగెడిదన్నమాట.

ఆ బుద్ధి నేడును పనికివచ్చును. కంపెనీవారు వచ్చి “మీకేమి కావలెను?” అని అడుగువరకు వేచియుండ నక్కరలేదు. గ్రామసభ చేరి, ఆడువారిని, కూలిజనమును గూడ పిలిచి, ఊరికి మొదట కావలసిన దేదో నిర్ణయింపుడు. పలుకుబడిగలవాని వీధికి సిమెంటురోడ్డు పడుటకంటె, పల్లె చివరి వాడకు నీరు చేరుట ముఖ్యము కావచ్చును. ఎన్ని యిండ్లకు ఉపయోగమో లెక్కవ్రాయుడు. స్థలము ఎవరి పేరనున్నదో చూడుడు. కట్టడము ముగిసిన పిమ్మట అది ఎవరి వశమగునో, నెలనెలా ఇంటికెంత రుసుము వసూలగునో, ఆ లెక్క ఎవరు చూతురో తీర్మానములో చేర్చుడు. గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో దానిని వ్రాయించి, నకలును కంపెనీవారికి పంపుడు. వారి సంవత్సరము ఏప్రిల్‌తో ఆరంభమగును గనుక, సంక్రాంతి వెళ్ళిన వెంటనే ఆ కాగితము చేరుట మేలు. వారు ఆమోదించిన పనుల వివరము తమ వెబ్‌సైటులో ప్రకటింపవలెను. మీ ఊరి చదువుకొన్న పిల్లలు దానిని చూచి చదివి వినిపింపగలరు.

ఆశ్రయించి తెచ్చుకొనిన వస్తువును ఊరు పరాయిదిగా చూచును. తాను ఆలోచించి, తన రుసుము తాను చెల్లించి నిలుపుకొనిన దానిని తన సొత్తుగా కాపాడుకొనును. కంపెనీ సొమ్ము విత్తనము వంటిది. దుక్కి దున్నవలసినవారము మనమే.

మా యూరి గది తాళము ఈ యేడు తెరువవలెనని గ్రామసభలో తీర్మానించుకొంటిమి. పొర ఖరీదుకై ఇంటింట చందా వేసికొనుచున్నాము. ఈ మారు ప్రారంభోత్సవమునకు పద్యము బదులు లెక్కల పుస్తకమును నేను చదువుదును.