నాలుగు గొలుసులు కలిస్తేనే మందు

ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లకు విశాఖ కంటే బరంపురం దగ్గర. 1962లో మొదలైన ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి గంజాం జిల్లాకే కాదు, దక్షిణ ఒడిశాకంతటికీ పెద్ద దిక్కు. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్ (లుకేమియా) గురించి డాక్టర్లు అక్కడ మాట్లాడినా, ముంబైలో మాట్లాడినా రెండు మందుల పేర్లు తప్పవు. ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన లెడర్లీ కంపెనీ పరిశోధన నుంచి వచ్చింది. రెండోది ఆస్పరాజినేజ్ అనే ఎంజైము. మొదటిదాన్ని మాత్రగా మింగవచ్చు. రెండోది మింగితే తిన్న పప్పుతోపాటే అరిగిపోతుంది. అది ప్రోటీను మరి. మెథోట్రెక్సేట్ అణువుకు దాదాపు 300 రెట్లు బరువు.

1953లో జాన్ కిడ్ గినీపిగ్ సీరం ఎక్కించిన ఎలుకల్లో లింఫోమా గడ్డలు కరగడం గమనించాడు. ఆ ఘనత సీరంలోని ఆస్పరాజినేజ్‌దేనని 1961లో జాన్ బ్రూమ్ చూపించాడు. గినీపిగ్గుల నుంచి ఎంత సీరం తీయగలం? మన పేగుల్లో బతికే ఈ-కోలై బ్యాక్టీరియా ఎంజైముకూ ఆ గుణం ఉందని 1964లో తెలిశాకే మందుకు దారి దొరికింది.

చాలా లుకేమియా కణాలు ఆస్పరాజీన్ అనే అమైనో ఆమ్లాన్ని తమకు కావలసినంత తయారు చేసుకోలేవు, రక్తం నుంచి తెచ్చుకుంటాయి. ఈ ఎంజైము రక్తంలోని ఆస్పరాజీన్‌ను విరగ్గొట్టేస్తే అవి ఆకలితో చస్తాయి.

అసలు కిటుకు దాని ఆకారంలో ఉంది. 326 అమైనో ఆమ్లాల గొలుసులు నాలుగు కలిస్తే ఒక ఎంజైము. రసాయన చర్య జరిగే చోటు ఏ ఒక్క గొలుసులోనూ పూర్తిగా ఉండదు. రెండు గొలుసులు ఒరుసుకునే అంచున ఏర్పడుతుంది. కాబట్టి గొలుసు తెగనక్కర్లేదు, జత విడిపోతే చాలు, మందు ఉత్త ప్రోటీనే. విపరీతమైన వేడికి మడతలు విప్పుకుంటాయి, ఉడికిన గుడ్డులో తెల్లసొనకు జరిగేది అదే. సీసాను గట్టిగా కుదిపినా, గడ్డకట్టించినా ప్రమాదమే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమనేది అందుకే. మే నెల బరంపురంలో ఫ్రిజ్ ఆగిపోవడం చిన్న విషయం కాదు.

అయినా, 'మా ఎంజైము ఇన్ని డిగ్రీలు తట్టుకుంది' అని మురిసిపోయే పరిశోధన పత్రాలను నేను కాస్త అనుమానంగానే చదువుతాను. రోగి ఒంటి వేడి 37 డిగ్రీలే. అసలు గండాలు రక్తంలో ఉన్నాయి. లుకేమియా కణాల్లోనే ఒక ప్రోటీన్ కత్తెర ఉంది. అది ఆస్పరాజీన్ ఉన్నచోట గొలుసును కోస్తుంది. మన ఎంజైములో అది పట్టుకునే చోటు 24వ స్థానంలోని ఆస్పరాజీన్. ఏ పదార్థాన్ని నాశనం చేయడానికి వచ్చిందో ఆ పదార్థం దగ్గరే తెగుతుందన్నమాట! అక్కడ వేరే అమైనో ఆమ్లం పెట్టి చూశారు. ఏది పెట్టారన్నదాన్ని బట్టి ఎంజైము చురుకు కూడా మారింది, ఆ చోటు క్రియాస్థానానికి దగ్గర కనుక.

రెండో గండం మన రోగనిరోధక శక్తి. బ్యాక్టీరియా ప్రోటీన్‌ను పరాయిదని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేస్తుంది. అందుకని ఎంజైముకు పెగ్ అనే పాలిమర్ తొడుగు వేశారు. 1994లో అమెరికాలో ఆమోదం వచ్చింది. రక్తంలో సగం తగ్గడానికి మామూలు ఎంజైముకు పట్టే సమయం రోజు పైచిలుకు, తొడుగు వేసినదానికి సుమారు 5 రోజులకు పైనే. కొందరికి అదీ పడదు. అప్పుడు ఎర్వీనియా అనే మరో బ్యాక్టీరియా ఎంజైమును ఎక్కిస్తారు. అదీ నాలుగు గొలుసులదే, కానీ పైభాగం తేడాగా ఉండడంతో పాత యాంటీబాడీలు దాన్ని పోల్చుకోలేవు. కాకపోతే ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. వారానికి మూడుసార్లు సూది తప్పదు.