పలక వెనుక చేతులు

“కోటి విద్యలూ కూటి కొరకే” అన్నది పెద్దల మాట. కాని కూడు దొరికినంత మాత్రాన మనిషి మనస్సు పనిలో లగ్నమవుతుందా? దీనికి సమాధానం వెదకుటకు మనం దూరం పోనక్కరలేదు. మార్కాపురం పలకల పరిశ్రమను చూచిన చాలును.

పనిలో ఆధ్యాత్మికత అనగా పనిచేసే చోట పూజ గాని, నమాజు గాని కాదు. 2000 సంవత్సరంలో ఆష్మస్, డూషాన్ అను పరిశోధకులు దానికి మూడు లక్షణాలు చెప్పారు: మనిషికి అంతరంగ జీవితం ఉన్నదని గుర్తించుట, పనిలో అర్థం కనిపించుట, తోటివారితో ఒక సమాజంగా మెలగుట. అంతకు ముందే, 1990లో, విలియం కాన్ అను పండితుడు మనిషి పనిలో నిమగ్నుడగుటకు సార్థకత, నిర్భయత్వం, వెసులుబాటు అవసరమన్నాడు.

పలకల పనికి సార్థకత కొరత లేదు. ఓనమాలు దిద్దిన చేయి గాని, అలిఫ్ బే దిద్దిన చేయి గాని ఒకప్పుడు పలకను పట్టినదే. నేడు బడిలో పలక అరుదైనది. అదే రాయి ఇండ్ల గోడలకు, నేలకు బిళ్ళలుగా పోతున్నది.

ఇక నిర్భయత్వం. రాతిధూళిలోని సిలికా ఏళ్ళ తరబడి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానిని పూర్తిగా నయంచేసే మందు లేదు. “దుమ్ము ఎక్కువగా ఉన్నది” అని చెబితే రేపటి కూలి పోవునన్న భయం ఉన్నచోట మనస్సు పనిలో నిలువదు.

మూడవది వెసులుబాటు. స్త్రీ పురుషుల భేదం ముఖ్యంగా ఇక్కడనే కనిపిస్తుంది. స్త్రీకి ఓర్పు, భక్తి స్వభావసిద్ధమని తేల్చుట సులభం. కాని ఆమె నీళ్ళు, వంట, బిడ్డల పని ముగించి కూలికి వస్తుంది, సాయంత్రం మరల పొయ్యి వద్దకే పోతుంది. ఆమెలో తక్కువైనది శ్రద్ధ కాదు, విశ్రాంతి. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చినది. ఇంటి చాకిరీని పంచే చట్టం ఏదీ లేదు. ఈ పరిశ్రమలో ఒకప్పుడు బాలలు సైతం పనిచేశారు. పలకలు చేసిన బిడ్డకే పలక పట్టే యోగం లేకపోయింది!

12వ శతాబ్దిలో బసవేశ్వరుడు కాయకాన్ని కైలాసంగా భావించాడు. చెమట ఆరకముందే కూలి చెల్లించమని ఇస్లాం బోధించింది. మొదటిది పనిని పవిత్రం చేసింది, రెండవది పనివానిని గౌరవించింది. రెండవది లేని మొదటిది యజమానికి సాకు మాత్రమే.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు అధికారులు, యజమానులు కాగలరు. గోడపై సూక్తి వ్రాయించుటకు ముందు త్రాగునీరు, మరుగుదొడ్డి, పసిబిడ్డను ఉంచు చోటు ఉన్నవో లేవో చూడండి. ఆధ్యాత్మికత అక్కడనే ఆరంభమవుతుంది.