కోక్ ఓవెన్ల నుండి ఇనుప వంతెన దాకా

మనిషి ఎంత దూరదేశానికి వెళ్ళినా తన వృత్తిని వెంటబెట్టుకొనే వెళతాడన్న సత్యం నాకు ఇంగ్లాండు పల్లెదారులలో అనుభవంలోకి వచ్చింది. మన ఉక్కు కర్మాగారంలోని కోక్ ఓవెన్ల విభాగంలో 33 సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ పొందిన నేను, గత వేసవిలో నా శ్రీమతితో కలసి ఇంగ్లాండులో స్థిరపడిన మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. అబ్బాయి, కోడలు, ఏడేళ్ళ మనుమరాలితో కలసి ఐదుగురం నాలుగు రోజులపాటు కారులో సాగించిన యాత్రావిశేషాలను సహోద్యోగ మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ దేశంలోనూ వాహనాలు మనవలె ఎడమవైపుననే నడుస్తాయి. దూరాలను మాత్రం నేటికీ మైళ్ళలోనే సూచిస్తారు. ఇరువైపులా పొదల కంచెలు పెరిగిన పల్లెదారులు ఎంత ఇరుకంటే, ఎదురుగా మరొక కారు వస్తే ఎవరో ఒకరు వెనక్కు తగ్గవలసిందే. తగ్గినవారికి ఎదుటివారు చేయెత్తి కృతజ్ఞత తెలుపుతారు. హారన్ మోత వినబడదు.

మొదటి మజిలీ సాలిస్‌బరీ. 1220లో నిర్మాణం ఆరంభమైన అక్కడి కెథీడ్రల్ శిఖరం 123 మీటర్ల ఎత్తుతో బ్రిటన్‌లోని చర్చి శిఖరాలన్నింటిలోకీ ఉన్నతమైనది. 1215 నాటి మాగ్నాకార్టా మూల ప్రతులు నాలుగే మిగలగా, వాటిలో ఒకటి ఇక్కడ భద్రపరచబడి ఉంది. అక్కడికి సమీపంలోనే స్టోన్‌హెంజ్. అందులోని చిన్న నీలిరాళ్ళను సుమారు 240 కిలోమీటర్ల దూరానగల వేల్స్ కొండల నుండి తెచ్చారని తెలిసినప్పుడు, క్రేన్లు లేని ఆ కాలపు మనుషుల సాహసానికి మనసులోనే నమస్కరించాను.

రెండవ రోజున బాత్ నగరం చేరాము. భూగర్భం నుండి 46 డిగ్రీల వేడితో రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా ఉబికివచ్చే ఊట చుట్టూ రోమనులు కట్టిన స్నానవాటిక చూడదగినది. కొలను అడుగున వారు పరచిన సీసపు రేకులు నేటికీ ఉన్నాయి. మరునాడు కాట్స్‌వోల్డ్స్ ప్రాంతం. తేనెరంగు సున్నపురాతి ఇళ్ళు, గొర్రెల మందలు, పిల్లవాగులు కనులపండువ చేశాయి. ఆ గ్రామాల వైభవానికి మూలం ఉన్ని వ్యాపారమే. బైబరీ గ్రామంలో 14వ శతాబ్దపు ఉన్ని గిడ్డంగి 17వ శతాబ్దంలో నేతగాళ్ళ నివాసాలుగా మారింది. ఆ ఇళ్ళ వరుసను చూసి నా శ్రీమతి అక్కడి నుండి కదలనన్నది.

నాలుగవ రోజున స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ జన్మగృహం చూసి తిరుగుముఖం పట్టాలన్నది మావాడి ప్రణాళిక. ముందునాటి రాత్రి నేను జంకుతూనే ఒక కోరిక కోరాను: "కోల్‌బ్రూక్‌డేల్ చూడాలని ఉందిరా." మావాడు పటం చూసి, దారి చుట్టు అవుతుందని సందేహించాడు. కోడలు మాత్రం, "మామయ్యగారు ఇన్నాళ్ళలో అడిగింది ఇదొక్కటే కదండీ" అన్నది. షేక్‌స్పియర్ మహాశయుడు మరొక పర్యాయానికి వాయిదా పడ్డాడు.

సెవర్న్ నదీలోయలోని ఆ చిన్న ఊరిలో 1709లో అబ్రహాం డార్బీ కోక్‌తో ఇనుప ఖనిజాన్ని కరిగించాడు. అంతకుముందు కొలిమికి కట్టెబొగ్గే ఆధారం. అడవులు తరిగి బొగ్గు ప్రియమయ్యేది. పైగా కట్టెబొగ్గు బరువుకు నలిగిపోతుంది కనుక కొలిమిని ఎత్తుగా కట్టలేరు. రాతిబొగ్గును నేరుగా వేస్తే అందులోని గంధకం ఇనుమును పెళుసు చేస్తుంది. గంధకం తక్కువగా ఉన్న స్థానిక బొగ్గును ముందుగా కోక్‌గా మార్చడం వలన డార్బీ సఫలుడయ్యాడు. ఆ పాత కొలిమి శిథిలం నేటికీ భద్రంగా ఉంది.

"ఇంత చిన్నదా తాతయ్యా?" అన్నది మనుమరాలు. గాలి తగలకుండా బొగ్గును కాల్చడం, పుషర్ కారు ఎర్రని కోక్‌ను బయటకు నెట్టడం, నీళ్ళు పడగానే ఆవిరి మేఘంలా లేవడం — మన బ్యాటరీల ముచ్చట్లన్నీ ఆ బిడ్డకు చెప్పాను. వెనుక నిలబడి మావాడు వింటున్నాడని నాకు తెలియదు.

అక్కడికి కొద్ది దూరంలోనే డార్బీ మనుమడు 1779లో నిలబెట్టిన వంతెన ఉంది. పోత ఇనుముతో కట్టిన మొదటి పెద్ద వంతెన అది. విస్తృతి సుమారు 30 మీటర్లు. ఇనుముతో వంతెన కట్టే పద్ధతి ఇంకా ఏర్పడలేదు కనుక, వడ్రంగులు కర్రకు కుసి తీసి బెజ్జంలో బిగించినట్లే ఇనుమును బిగించారు. రాజకుటుంబీకులైనా సుంకం చెల్లించవలసిందేనని తెలిపే పాత పలక కూడా అక్కడ ఉంది. 1934 నుండి వాహనాలను నిలిపివేసినందున పాదచారులు మాత్రమే నడుస్తున్నారు.

వంతెన నడుమ మావాడు నా పక్కకు వచ్చి, "నైట్ షిఫ్టు నుండి వచ్చి మీరు పడుకుంటే, చప్పుడు చేయవద్దని అమ్మ కోప్పడేది. మీరక్కడ ఏం చేసేవారో నేనెన్నడూ అడగలేదు నాన్నగారూ" అన్నాడు. నేను కూడా ఎన్నడూ చెప్పలేదన్న సంగతి అప్పుడే స్ఫురించింది.

కోక్ ఇనుముకు పుట్టినిల్లయిన ఆ దేశంలోనే, వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేస్ 2024 సెప్టెంబరులో ఆగిపోయింది. దాని స్థానంలో విద్యుత్ కొలిమి తలపెట్టారు. మన విద్యలు కూడా ఏదో ఒకనాడు ప్రదర్శనశాలకు చేరవచ్చు. అంతకుముందే సహోద్యోగులకు నా విన్నపం ఒక్కటే: మీరు చేసే పనిని గురించి మీ పిల్లలకు మీరే చెప్పండి. అందుకోసం సముద్రాలు దాటనవసరం లేదు.