ఖాళీ తూటా చెప్పే సాక్ష్యం

కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధసామగ్రిని కూడబెట్టారన్న ఆరోపణపై ఆంగ్లేయులు 1839లో ఆయనను పదవీచ్యుతుని చేశారు. ఆ కాలపు ఫిరంగిలో గుండుకూ గొట్టానికీ మధ్య కొంత సందు ఉండేది. సందు లేనిదే గుండు దూరదు. అధికమైతే మందుశక్తి ప్రక్కనుండి వృథాగా పోతుంది. నేటి రైఫిలులో తూటా విషయంలోనూ ఇదే సమస్య ఉన్నది.

బోల్టు ముఖం మొదలుకొని, తూటాను ముందుకు పోనీయక ఆపే చోటు వరకు గల దూరాన్ని 'హెడ్‌స్పేస్' అంటారు. ఎన్.సి.సి.లో ఒక తరం విద్యార్థులు భుజాన మోసిన .303 రైఫిలులో తూటాను ఆపేది దాని అడుగున గల అంచు. అందులో ఈ దూరం 1.63 మి.మీ. నుండి 1.88 మి.మీ. వరకు ఉండవచ్చు. 1960 తర్వాత ఇషాపూర్ కర్మాగారం అదే రూపంలో తయారుచేసిన 7.62 మి.మీ. రైఫిలులో తూటాకు అట్టి అంచు లేదు. దాని భుజమే గదిగోడకు ఆని నిలుస్తుంది.

దూరం అధికమైతే కీడేమి? మందు అంటుకొనగానే ఇత్తడి గొట్టం ముందుభాగం ఉబ్బి గదిగోడను పట్టుకొంటుంది. వెనుకభాగం మాత్రం బోల్టును తాకేవరకు వెనుకకు జరుగుతుంది. ఆ సాగుడుకు అడుగు పైభాగాన గోడ పలుచబడుతుంది. అదే గొట్టాన్ని మరల మరల నింపి వాడితే ఒకనాడు అక్కడే తెగి, నిప్పువంటి వాయువు కాల్చేవాని ముఖం వైపు రావచ్చు.

అయితే ఆ గది కొలతను తెలిపే సాక్షి కూడ ఆ గొట్టమే. పేలినప్పుడు ఇత్తడి గది ఆకారాన్ని దాల్చి, చల్లారిన పిమ్మట స్వల్పంగా మాత్రమే కుంచించుకొంటుంది. కావున భుజంపై ఆనే ఒక వలయాన్ని అమర్చి, అడుగు నుండి అంతవరకు కొలవాలి. వాడిన ప్రైమరు అడుగు నుండి పొడుచుకొని ఉండవచ్చును గనుక దానిని ముందే తీసివేయాలి. ఉదాహరణకు, కొత్త గొట్టం 41.35, పేలినది 41.45 మి.మీ. అయితే తేడా 0.10 మి.మీ. ఒక్కదానితో నిర్ణయించరాదు, కొన్నింటిని కొలిచి చూడాలి. మరల నింపేవారు భుజాన్ని పేలిన కొలత కంటె సుమారు 0.05 మి.మీ. మాత్రమే వెనుకకు నొక్కుతారు. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వెర్నియర్ 0.1 మి.మీ. వరకే చూపగలదు, ఈ పనికి అంతకన్న సూక్ష్మమైన డయల్ కాలిపర్స్ కావాలి.

విదేశాలలో ఇది లైసెన్సు గలవారి వినోదవిద్య. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేక తూటాలు తయారుచేయడం నేరం. ఎన్.సి.సి. కాల్పుల తరువాత ఖాళీ 'ఖోకా'లను లెక్కించి అప్పగించడం అందుకే నియమం. కొలత ఎరుగని మందు ఏమి చేయగలదో మన సీమకు వేరుగా చెప్పనక్కరలేదు; నాటుబాంబులు చుట్టే చేతులలోనే పేలిన ఉదంతాలు ఇక్కడ కొత్తవి కావు.

విద్యార్థి మిత్రులు తుపాకి పట్టినా పట్టకపోయినా గ్రహించవలసినది ఒకటే. వెంట్రుకవాసి తేడాను లెక్కచేయనివానికి యంత్రం ఒకనాడు లెక్క అప్పజెప్పక మానదు.