కొబ్బరినూనె గడ్డకట్టిన డిసెంబరు

పొద్దున ఆరున్నర. తలకి రాసుకుందామని కొబ్బరినూనె సీసా వంచితే చుక్క రాలేదు. తలకిందులు చేసినా అంతే. లోపల తెల్లగా మైనంలా గడ్డకట్టి కూర్చుంది. వంటింట్లో ఇంకో విడ్డూరం... రాత్రి రుబ్బి ఉంచిన ఇడ్లీపిండి పెట్టింది పెట్టినట్టే ఉంది, ఇసుమంతైనా పొంగలేదు. గోదావరి దగ్గరి రామచంద్రపురం నుంచి పటాన్‌చెరు పక్కనున్న రామచంద్రాపురానికి కాపురం మార్చిన ఏడాది, మొదటి డిసెంబరులో మా ఇంటి సంగతి ఇది. ఊరి పేరులో ఒక్క దీర్ఘమే తేడా. గాలి మాత్రం పూర్తిగా వేరు!

అమ్మకి దిగులు పట్టుకుంది. మినప్పప్పు బాగాలేదేమోనని కొట్టు మార్చింది. నీళ్లు మార్చింది. చివరికి పక్కింటావిడ వచ్చి గిన్నెకి పాత దుప్పటి చుట్టి మూలకి జరిపింది. మర్నాటికి పిండి మూత తోసుకుని పైకొచ్చింది. తప్పు పప్పుది కాదు, చలిది. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులకి వెచ్చదనం కావాలి. కొబ్బరినూనెదీ అదే కథ. సుమారు 24 డిగ్రీల కిందికి దిగితే అది గడ్డకడుతుంది. గోదావరి ఒడ్డున సంక్రాంతి ముందు నాలుగు రోజులు తప్ప ఆ బాధ ఉండదు. ఇక్కడ దీపావళి దాటాక సీసాని ఎండలో పెట్టడం రోజువారీ పనుల్లో ఒకటైపోయింది.

ఎందుకింత తేడా? డెల్టా ఊళ్లు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. పటాన్‌చెరు ఉన్నది దక్కను పీఠభూమి మీద, సుమారు 540 మీటర్ల ఎత్తున. ప్రతి వంద మీటర్లకీ అర డిగ్రీకి పైగా వేడి తగ్గుతుంది కాబట్టి మూడు డిగ్రీలు ఎత్తు ఖాతాలోనే పోతాయి. మిగతాది తేమ పని. సముద్రం దగ్గర గాలిలోని తేమ రాత్రిపూట దుప్పటిలా పనిచేసి నేల వేడిని పోనివ్వదు. ఇక్కడ ఆ దుప్పటి పల్చన. పొద్దు గూకగానే నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. అందుకే హైదరాబాద్ చుట్టుపక్కల చలి లెక్కలు పేపర్లో వచ్చినప్పుడు అన్నిటికంటే తక్కువ అంకె పక్కన తరచూ పటాన్‌చెరు పేరే కనిపిస్తుంది. ఇదే జిల్లాలో కోహీర్ వైపు వెళ్తే వణుకు ఇంకా ఎక్కువ.

ఈ చలికి పారిశ్రామికవాడలో ఇంకో ముఖం ఉంది. శీతకాలం రాత్రుల్లో నేలను ఆనుకున్న గాలి చల్లబడి, దానిమీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. పొగలూ వాసనలూ పైకి లేవలేక కిందే తచ్చాడతాయి. తెల్లవారుజామున పిల్లలకి దగ్గు, పెద్దలకి ఆయాసం. కొత్తగా వచ్చినవాళ్లు ‘నీళ్లు పడలేదు’ అనుకుంటారు. నీళ్ల గొడవా ఉందనుకోండి. ఇక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. అది వేరే పెద్ద కథ.

చెమట కనపడని ఎండ

చలికి దుప్పట్లు కొన్నాం, సరిపోయింది. అసలు పరీక్ష ఏప్రిల్లో వచ్చింది.

కోస్తా ఎండంటే ఏమిటో మాకు తెలుసు. ఒళ్లంతా జిగట, చొక్కా వీపుకి అతుక్కుంటుంది, ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా చెమరుస్తుంది. ఇక్కడ నలభై డిగ్రీల్లో కూడా చొక్కా పొడిగానే ఉంది! ఉతికిన బట్టలు గంటలో ఆరిపోయాయి. వడియాలు ఒక్క ఎండకే ఫెళఫెళలాడాయి. ‘ఇదేదో మన ఎండకంటే నయమే’ అని నాన్న మధ్యాహ్నం రెండింటికి గొడుగైనా లేకుండా బజారుకి వెళ్లొచ్చారు. సాయంత్రానికి తలనొప్పి, వాంతులు. మా చెల్లికి ముక్కులోంచి రక్తం.

మళ్లీ పక్కింటావిడే వచ్చింది. “గిది మీ దిక్కు లెక్క గాదు వదినా. ఈడ చెమట కనవడది గానీ పోతనే ఉంటది. జర సల్ల తాగుండ్రి” అంది. తర్వాత చదివిన పుస్తకాల్లో కూడా ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్లు లేరు. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడి గాలిలో తేమ పాతిక ముప్పై శాతానికి పడిపోతుంది. చర్మం మీదికి వచ్చిన చెమట వచ్చినట్టే ఆవిరైపోతుంది. ఒళ్లు చల్లబడుతుంది, నిజమే. కానీ ఎంత నీరు పోయిందో మనకి తెలియదు. దాహం వేసేసరికే ఆలస్యమైపోతుంది. పెదాలు పగలడం, ముక్కు అదరడం, మూత్రం ముదురు పసుపుగా రావడం... ఇవే ఇక్కడి హెచ్చరికలు.

అదే పొడి గాలి ఒక వరం కూడా ఇచ్చింది... కూలర్! కాకినాడలో మా మేనమామ ఇంట్లో కూలర్ పెడితే గదిలో జిగట పెరిగేదే తప్ప చల్లదనం ఉండేది కాదు. ఇక్కడ అదే యంత్రం మే నెలలో గదిని వణికించింది. గాలి పొడిగా ఉంటేనే నీరు ఆవిరవుతుంది, ఆవిరైతేనే చల్లదనం. రంజన్‌లో నీళ్లు చల్లబడటమూ ఈ సూత్రం మీదే. జూన్‌లో తొలకరి పడ్డాక కూలర్ మళ్లీ కాకినాడ కూలర్ అయిపోతుంది, అప్పుడు కట్టేయాల్సిందే!

అందరూ వచ్చినవాళ్లే

ఈ ప్రాంతం పెరిగిందే బయటివాళ్లతో. అరవైల్లో బీహెచ్‌ఈఎల్, 1972లో ఇక్రిశాట్, 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, మధ్యలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు. ఇప్పుడు కందిలో ఐఐటీ. మెట్ట ప్రాంతపు ఎర్రనేలా నల్లరేగడీ రెండూ ఒకే చోట దొరుకుతాయని ఇక్రిశాట్‌కి ఈ చోటు ఎంచుకున్నారు.

కొత్త వాతావరణానికి అలవాటు చేయడం అక్కడి శాస్త్రవేత్తలకి వృత్తే. శనగ సంగతే చూడండి. ఉత్తరాదిలో సుదీర్ఘమైన చలికాలం మరిగిన పంట అది. దక్షిణాదిలో చలి కొద్దికాలమే, ఆ తర్వాత నేలలో తేమా ఉండదు. అందుకని ఎండ ముదరకముందే కోతకొచ్చే రకాలు తయారుచేశారు. 85 రోజుల్లో చేతికొచ్చే ‘ఐసీసీవీ 2’ మన రాష్ట్రంలో ‘శ్వేత’ పేరుతో వచ్చింది. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి తెచ్చిన ‘జేజీ 11’ 1999లో విడుదలై ప్రకాశం, కర్నూలు నల్లరేగళ్ల రూపమే మార్చింది. ఒక విత్తనాన్ని కొత్త ఊరికి అలవాటు చేయడానికి ఏళ్లు వెచ్చించారు.

మనిషికి అన్నేళ్లు అక్కర్లేదు. రెండు వారాలు చాలు.

వేడిలో రోజూ కొంతసేపు పనిచేస్తూ పోతే ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో ఒళ్లు తనంతట తానే మారుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. గుండె దడ నెమ్మదిస్తుంది. దక్షిణాఫ్రికా బంగారు గనులవాళ్లు ఈ రహస్యాన్ని ప్రాణాలు పోయాకే నేర్చుకున్నారు. వేడిగా ఉండే లోతుల్లోకి దించే ముందు కొత్త కూలీలతో ఆవిరి గదుల్లో రోజుల తరబడి మెట్లెక్కించి దించి అలవాటు చేసేవారు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ చెప్పేది వింటే గుండె ఝల్లుమంటుంది... పనిచోట వేడివల్ల పోయినవాళ్లలో దాదాపు సగంమంది పనిలో చేరిన మొదటి రోజే పోయారట. 70 శాతానికి పైగా మొదటి వారంలోనే! అందుకే కొత్తవాళ్లకి మొదటి రోజు అయిదో వంతు పనే ఇచ్చి, రోజుకి అంతే చొప్పున పెంచమంటారు.

ఆ రెండు వారాలు మా ఇంటికి దొరికాయి. నాన్న సెలవు పెట్టి పడుకున్నారు, అమ్మ మజ్జిగ చేసింది. పాశమైలారం ఫర్నేసు ముందు, బాయిలర్ పక్కన నిలబడేవాళ్లకి దొరుకుతాయా? 2025 జూన్ 30న అక్కడి ఒక ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయినప్పుడు, బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ ఊళ్ల పేర్లు పేపర్ల నిండా వచ్చాయి. ఈ షెడ్లలో ఎవరు పనిచేస్తున్నారో చాలామందికి అప్పుడే తెలిసింది. జనవరిలో మేం స్వెట్టర్లలో మునిగితే ఈ బిహార్ కుర్రాళ్లు బనియన్లతో తిరుగుతారు, వాళ్ల చలి ముందు ఇదెంత! ఇబ్బంది హోలీ తర్వాతే. పండక్కి ఊరెళ్లి మూడు వారాలుండి తిరిగొస్తారు. అలవాటైన ఒళ్లు వారం పది రోజులు వేడికి దూరమైతే చాలు, నేర్చుకున్నది మరిచిపోవడం మొదలెడుతుంది. ఈలోగా ఇక్కడ ఎండ ముదిరి ఉంటుంది. రైలు దిగిన మర్నాడే పన్నెండు గంటల డ్యూటీ. కళ్లు తిరిగి కూర్చుంటే బద్ధకమంటారు, ఆ రోజు కూలి పోతుంది.

పోయినేడాది మా వీధిలో ఇల్లు కడుతుంటే ఒకటి గమనించాను. మేస్త్రీది పాలమూరు. హోలీ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లని వారం పాటు స్లాబు మీదికి ఎక్కనివ్వలేదు. వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి ఇనుప చువ్వలు వంచే పని చెప్పాడు, పక్కనే రంజన్ పెట్టించాడు. అదేమిటని అడిగాను.

“ఆల్లకు ఇంకా గీ ఎండ అలవాటు కాలే సారూ” అన్నాడు.